వీపు కింది మ్యాట్ మాత్రం తీయకు

హనుమకొండ

బిడ్డా,

హిమాలయాల్లో కేదార్‌కంఠ కొండ ట్రెక్కుకు పోతున్నావని, బ్యాగు అప్పుడే 14 కిలోలు తూగిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నీ బరువే 54 కిలోలు. వీపు మీద మోసేది ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవాలి, అంటే నీకు 11 కిలోల లోపు. మూడు కిలోలు తగ్గాలి. అవి ఎక్కడ తగ్గాలో చెబుదామనే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్ల కింద ఒక డిసెంబర్‌లో దోస్తులతో కడెం దిక్కు అడవికి వెళ్లాను. బరువని కింద పరుచుకునేది ఇంట్లోనే వదిలేసి, జీన్స్ ప్యాంట్లు మాత్రం రెండు పెట్టుకున్నాను. రాత్రి అరువు తెచ్చిన స్లీపింగ్ బ్యాగులో దూరితే పైన వెచ్చగానే ఉంది, వీపు మాత్రం గడ్డకట్టినట్టయింది. ఆ బ్యాగు లోపల నిలిచే గాలే మనల్ని కాపాడేది. మన బరువుకు కింది భాగం అణిగిపోతే గాలి ఉండదు, నేల చల్లదనం సీదా ఒంటికెక్కుతుంది. తెల్లారేదాకా కునుకు లేదు. మర్నాడు గుట్ట దిగుతుంటే కళ్లు మూతలు పడి, కాలు జారి మోకాలు పగిలింది. మీ పెద్దమ్మను అడుగు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నువ్వు ఎక్కేది 12,500 అడుగులు, అదీ మంచులో. ఫోమ్ మ్యాట్ అర కిలో కూడా ఉండదు. దాన్ని తీయకు. రాత్రికి మాత్రమే తొడుక్కునే ఒక జత ఉన్ని సాక్సులు కవర్లో కట్టి వేరుగా దాచు, ఎంత చలేసినా పగలు తొడగొద్దు. బొమ్మల పుస్తకం కూడా ఉంచుకో. అక్కడిదాకా పోయి గీయకుండా వస్తే నీకే మనసొప్పదు.

తీయాల్సింది బట్టలు. జీన్స్, కాటన్ టీషర్టులు తడిస్తే నీళ్లు పట్టుకుని బరువెక్కుతాయి, ఆ చలికి ఆరవు. తొందరగా ఆరే బట్టలు రెండు జతలు చాలు. షాంపూ సీసాలు, పెద్ద టవల్, రెండో జత చెప్పులు వద్దు. లీటరు నీళ్లంటే కిలో బరువు, కాబట్టి మళ్లీ నీళ్లెక్కడ దొరుకుతాయో పొద్దున్నే గైడును అడిగి దానికి తగ్గట్టే నింపుకో. తాగడం మాత్రం తగ్గించకు. పవర్ బ్యాంకు ఒకటే తీసుకో, చలికి ఛార్జింగ్ దిగిపోతుంది, రాత్రి పక్కలో పెట్టుకుని పడుకో.

సకినాలు వద్దు. డబ్బా జాగా తింటుంది, నీకేమో పొడి మిగులుతుంది. మీ పెద్దమ్మ పల్లీ బెల్లం లడ్డూలు చేస్తానంది.

సర్దేటప్పుడు బరువైనవి వీపుకు ఆనుకుని నడుముకు పైన ఉండాలి. ముందు నడుము బెల్టు తుంటి ఎముకల మీద బిగించి, తర్వాత భుజాల పట్టీలు లాగు. బరువు తుంటి మీద కూర్చోవాలి, భుజాల మీద కాదు.

శనివారం హైదరాబాద్ నుంచి వస్తున్నావట కదా. బ్యాగులోవన్నీ విడిగా పట్టుకురా. సందు చివర కిరాణా కొట్టు కాటా మీద ఒక్కొక్కటి తూచి కాగితం మీద రాద్దాం. ఆదివారం పొద్దున ఆ బ్యాగుతోనే పద్మాక్షి గుట్ట ఎక్కుదువు, నేను వెనకనే వస్తాను.

మీ పెద్దనాన్న