‘అస్టూరియాస్’లో వేగం కాకుండా ఇంకేం వినాలి?

మీరు అడిగినవి రెండు. గిటారిస్టు జాన్ విలియమ్స్ స్పెయిన్‌లోని సెవిల్‌లో వాయించిన ‘అస్టూరియాస్’ అనే పీస్ వీడియోలో వేగం తప్ప అంత మెచ్చుకోవడానికి ఏముంది అన్నది ఒకటి. సినిమా పాటలకు కార్డ్స్ (ఒకేసారి మోగించే కొన్ని స్వరాల కలయికలు) వాయించే మీలాంటివాళ్లు అది నేర్చుకోగలరా అన్నది రెండోది. నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నాను. కచేరీలు చేసే స్థాయి కాదు గానీ, ఈ పీస్ చాలాకాలంగా నా సాధనలో ఉంది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. యూట్యూబ్‌లో వెతికితే ‘స్టార్ వార్స్’ సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ వచ్చేస్తాడు. ఆయన వేరు. ఈయన 1941లో మెల్‌బోర్న్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన గిటారిస్టు. చిన్న వయసులోనే ఇటలీలోని సియేనాలో వేసవి తరగతుల్లో స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా దగ్గర నేర్చుకున్నాడు. మీరు చూసిన వీడియో 1993లో విడుదలైన సెవిల్ కచేరీలోది. సెవిల్‌లోని అల్కాసర్ రాజభవనంలో చిత్రీకరించారు.

ఆ చోటుకి, ఈ పీస్‌కి ఒక చుట్టరికం ఉంది. రాసింది ఇసాక్ అల్బేనిత్ (1860–1909). ఆయన గిటారిస్టు కాదు, పియానో విద్వాంసుడు. 1890ల మొదట్లో ఇది పియానో కోసమే, ఒక ప్రెల్యూడ్‌గా (చిన్న ఆరంభ పీస్‌గా) పుట్టింది. ‘అస్టూరియాస్’ అన్న పేరు ఆయన పెట్టింది కాదు. ఆయన పోయాక, 1911లో ఒక జర్మన్ ప్రచురణకర్త దీన్ని వేరే సంపుటిలో చేర్చి ఆ పేరు తగిలించాడు. అస్టూరియాస్ అంటే స్పెయిన్ ఉత్తరాన ఎప్పుడూ వాన పడే పచ్చటి కొండల ప్రాంతం. సంగీతమేమో పూర్తిగా దక్షిణాది అండలూసియాది, అక్కడి ఆటపాటల శైలి అయిన ఫ్లమెంకోది. ఫ్లమెంకో గిటార్ మోతని పియానో మీద పలికించాలని అల్బేనిత్ ప్రయత్నించాడు. తర్వాత గిటారిస్టులు దాన్ని తీసుకుని గిటార్‌కి మార్చుకున్నారు, సెగోవియా దాన్ని ప్రపంచమంతా తిప్పాడు. ఇప్పుడు చాలామందికి ఇది గిటార్ కోసం రాసిందనే లెక్క. సెవిల్ అండలూసియాలోనే ఉంది కాబట్టి, విలియమ్స్ వీడియోలో ఈ పీస్ సొంత ఊళ్లోనే మోగుతోందన్నమాట.

ఇక వేగం సంగతి. మొదట్లో మీకు వినిపించే గలగలలో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. గిటార్ రెండో తీగను ఎడమ చేతి వేలు పెట్టకుండా మీటితే ‘బి’ అనే స్వరం వస్తుంది. చూపుడు వేలూ మధ్య వేలూ కలిసి ఆ ఒక్క స్వరాన్నే ఆపకుండా మీటుతుంటాయి. అసలు పాట నడిపేది బొటనవేలు, లావు తీగల మీద. ఒకసారి ఆ గలగలని వదిలేసి బొటనవేలు వెంటే చెవి పెట్టి వినండి. నెమ్మదిగా నడిచే, కాస్త భయపెట్టే ఒక వరస వినిపిస్తుంది. వేగంగా ఉన్నది చుట్టూ ఉన్న గలగల మాత్రమే. పాట అసలు తొందరపడదు.

కష్టమంతా ఇక్కడే ఉంది. వేలు పెట్టని తీగ దానంతటది గట్టిగా, మెరుస్తూ మోగుతుంది. పైగా పాటలో ఒక్కో స్వరానికి అది మళ్లీ మళ్లీ పడుతుంది. వదిలేస్తే పాటని మింగేస్తుంది. దాన్ని అదిమిపెట్టి, అయినా ఒక్క దెబ్బ కూడా తడబడకుండా, అన్నీ ఒకే బరువుతో పడేలా చూడాలి. మా సార్ నాకు మొదటి పేజీ నేర్పినప్పుడు చాలా రోజులు బొటనవేలు పాట ఒక్కటే వాయించమన్నారు. ‘బి’ ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఒక్క ‘బి’ మాత్రమే, అదీ పక్క గదిలోకి వినపడనంత మెల్లగా. రెండూ కలపడానికి ఇంకా చాలా టైమ్ పట్టింది. గట్టిగా, వేగంగా వాయించడం వేళ్లకి తొందరగానే అలవాటవుతుంది. శబ్దం తగ్గించి, వేగంగా వాయించడం అలా కాదు. చెయ్యి బిగుసుకుపోతుంది, గోరు తీగని గీకుతుంది, మధ్యలో ఒక స్వరం మాయమవుతుంది.

విలియమ్స్‌లో నేను మెచ్చుకునేది ఆ సమానత్వం. కుడి చేతిని గమనించండి. మణికట్టు దాదాపు కదలదు, వేళ్లు తీగకి దూరంగా లేవవు. ఎడమ చెయ్యి కూడా అంతే, కావలసినంతే కదులుతుంది. కాసేపటికి పాట పెరుగుతుంది, ‘బి’ మోత దట్టమవుతుంది, ఒక్కసారిగా ఆరు తీగల మీదా కార్డ్ పడుతుంది. ఆ కార్డ్ కోసం ఎడమ చెయ్యి గిటార్ మెడ మీద దూరంగా దూకి, పాట లయ ఒక వెంట్రుకంత కూడా చెదరకుండా తిరిగి రావాలి. మామూలుగా వాయించేవాళ్లకి ఇక్కడ తీగల మీద వేళ్లు జారిన కీచుమన్న చప్పుడు వస్తుంది, లేదా దూకడానికి ముందు చిన్న ఆలస్యం వినిపిస్తుంది. (నాకు రెండూ వస్తాయి.) ఆయనకి కార్డ్ పడుతుంది, అంతే. ముఖంలో కూడా ఏమీ తెలియదు.

ఇందులో కొంత గొప్పతనం గిటార్‌ది కూడా. మామూలు క్లాసికల్ గిటార్లు 19వ శతాబ్దంలో స్పెయిన్‌లోని అల్మేరియాకి చెందిన గిటార్ల తయారీదారు ఆంటోనియో దె టోర్రెస్ ఖాయం చేసిన పద్ధతిలోనే ఉంటాయి. తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, పైపలక లోపల విసనకర్రలా పరిచిన సన్నటి చెక్క పట్టీలు. విలియమ్స్ వాయించేది ఆస్ట్రేలియాలో గ్రెగ్ స్మాల్‌మన్ చేసినది. దాని పైపలక చాలా పల్చన, లోపల పట్టీలు జాలీలా అల్లి ఉంటాయి. అందుకని శబ్దం పెద్దగా వస్తుంది. దాని గొంతు కొందరికి నచ్చదు, పాత స్పానిష్ గిటార్ల తీపి లేదంటారు. నా మట్టుకు, ఈ పీస్‌కి అది బాగా కుదిరింది. చిన్న శబ్దంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడానికి పైన చోటు ఉండాలి కదా.

మైకు లేకుండా ఈ పీస్ వింటే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆఫీసు పని మీద బార్సిలోనా వెళ్లినప్పుడు పలావ్ దె ల మూసికా కతలానాలో ఒక గిటార్ కచేరీకి వెళ్లాను. 1908లో తెరిచిన హాలు, సుమారు 2,000 సీట్లు, పైకప్పు మధ్యలో కిందికి వేలాడే రంగుటద్దాల గుమ్మటం. కళ్లు లేని హోకిన్ రోద్రిగో గిటార్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన ‘అరాన్‌హుయెత్ కాన్‌చెర్తో’ 1940 నవంబరులో మొదటిసారి వినిపించింది కూడా ఆ హాల్లోనే. నేను వెళ్లిన రోజు గిటార్ ఒక్కటే, తోడు ఎవరూ లేరు. ‘అస్టూరియాస్’ మొదలైనప్పుడు నా వరుసకి శబ్దం అందీ అందనట్టుంది. అప్పటిదాకా ప్రోగ్రామ్ కాగితాలు తిప్పుతున్నవాళ్లు ఆపేశారు. పక్కాయన దగ్గు ఆపుకోవడం నాకు తెలుస్తోంది. అలా అందరి చెవుల్నీ ముందుకి లాగాక గిటారిస్టు మొదటి కార్డ్ కొట్టాడు. నిజానికి అది పెద్ద శబ్దమేమీ కాదు, కానీ సీట్లో ఉలిక్కిపడ్డాను. వీడియోలో ఇది సగమే అందుతుంది. మనం వాల్యూమ్ పెంచేసుకుంటాం కాబట్టి మెల్లన కూడా గట్టిగానే వినపడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించి ఒకసారి వినండి.

మధ్యలో వచ్చే నెమ్మది భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు పీస్ అంతటిలో ఇష్టమైనది అదే. గలగల ఆగిపోయి, తోడు లేకుండా ఒక గొంతు పాడుతున్నట్టు ఉంటుంది. ఫ్లమెంకో గాయకులు పాడే చరణంలాగా ఆగుతూ, సాగుతూ పోతుంది. అండలూసియా పాటల్లో వాడే స్వరాలు మన హనుమతోడి మేళం స్వరాలే. గాంధారం పైకి మారినప్పుడు వకుళాభరణం అవుతాయి. గమకం లేదు కాబట్టి రాగం అనలేం, కానీ కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ భాగం పరాయిగా అనిపించదు. మా పిన్ని వీణ వాయిస్తుంది. ఆవిడకి ఇది వినిపిస్తే, మొదటి భాగం విని “చేతి పనితనం బాగుంది” అని ఊరుకుంది. ఈ భాగం వచ్చాకే మళ్లీ వెయ్యమంది.

విలియమ్స్ మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు కూడా ఇక్కడే. ఆయన ఈ భాగాన్ని మరీ తిన్నగా వాయిస్తాడు. లయ కచ్చితంగా ఉంటుంది, స్వరం శుభ్రంగా ఉంటుంది, గొంతు మాత్రం జీరబోదు. ఇక్కడ నాకు సెగోవియా కావాలి. పాత రికార్డింగ్, శబ్దం అంత బాగుండదు, లయ ఆయన ఇష్టం. ఒక్కో స్వరం దగ్గర కుడి చేతిని వంతెన (పైపలక మీద తీగలు కట్టే చెక్క) వైపు, మళ్లీ పైపలకలోని రంధ్రం వైపు జరుపుతూ రంగు మారుస్తాడు. వంతెన దగ్గర మీటితే స్వరం సన్నగా, గరగరలాడుతూ వస్తుంది. రంధ్రం వైపు వస్తే మెత్తబడుతుంది. ఈ రంగుల విషయంలో ఇంగ్లండ్ గిటారిస్టు జూలియన్ బ్రీమ్ కూడా గొప్పవాడే. పియానో మీద ఎలా ఉంటుందో తెలియాలంటే అలీసియా దె లరోచా వాయించింది వినండి. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి ఆ స్వరాల్ని పంచుకుంటాయి. అది విన్నాక, ఒక్క కుడి చేతితో గిటారిస్టు ఏం లాక్కొస్తున్నాడో ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక నేర్చుకోవడం. మొదటి పేజీ మీరు నేర్చుకోగలరు, నాకు సందేహం లేదు. ఎడమ చేతికి మొదట్లో పెద్ద పని ఉండదు, కార్డ్స్ వాయించే చెయ్యికి అది సులువే. కుడి చెయ్యి మాత్రం మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టి బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో విడివిడిగా మీటడం అలవాటు చేసుకోవాలి. స్పెయిన్ గిటారిస్టు టార్రెగా రాసిన ‘అల్‌హంబ్రా జ్ఞాపకాలు’ లాంటి ట్రెమొలో పీస్‌ల జోలికి అప్పుడే వెళ్లకండి. అక్కడ బొటనవేలి వెనకాల మూడు వేళ్లు ఒకే స్వరాన్ని వరసగా కొట్టాలి, అది వేరే సాధన.

మీ దగ్గరున్నది బహుశా స్టీల్ తీగల గిటార్ అయ్యుంటుంది. దాని మీద ఇది సాధన చేయకండి. మెడ సన్నం, తీగల మధ్య ఎడం తక్కువ, గోళ్లు తొందరగా అరిగిపోతాయి. నైలాన్ తీగలదే కొనండి, మొదట్లో ఖరీదైనది అక్కర్లేదు. స్టీల్ గిటార్‌కే నైలాన్ తీగలు కడతానంటే కుదరదు, దాని పైపలక గట్టి తీగల బిగువుకి చేసింది కాబట్టి శబ్దం సరిగా రాదు. కుడి చేతి గోళ్లు వేలి కొస దాటి కాస్త కనిపించేంత పెంచి, సన్న గరుకు ఎమరీ కాగితంతో అంచు నున్నగా రుద్దుకోండి. అంచు గరుగ్గా ఉంటే ప్రతి ‘బి’ దగ్గరా గీకుడు వినిపిస్తుంది.