అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మూడు గంటలేనా?

ప్రశ్న: మా అన్నకు లక్షద్వీప్‌లోని అగత్తిలో ఉద్యోగం. చెల్లెలూ మరిదీ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు. వచ్చే నెల చెల్లెలికి అక్కడే సీమంతం. ఒక సైట్‌లో చూస్తే విమాన దూరం 2,240 కి.మీ., ప్రయాణం 2 గంటల 48 నిమిషాలు అని వచ్చింది. అన్న పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాడా? ముహూర్తం తిరుపతిలో మా పంతులుగారే పెట్టారు, పగలు పదకొండింటికి.
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: చేరలేరమ్మా. రెండు రోజుల ముందే బయల్దేరమనండి. సైట్ చెప్పిన దూరం సరైనదే, కానీ ఆ టైమ్ ఎలా వచ్చిందంటే 2,240ని జెట్ విమానం వేగం 800తో భాగించారు, అంతే. ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం ఉందా లేదా అన్నది ఆ లెక్కకు పట్టదు. అగత్తి రన్‌వే సుమారు 1,200 మీటర్లే, రెండు పక్కలా సముద్రం. పెద్ద జెట్లు దిగడానికి అది చాలదు, ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే వస్తాయి. వాటి వేగం గంటకు 500 కి.మీ. దరిదాపుల్లో ఉంటుంది.

కాబట్టి మీ అన్నగారు ముందు కొచ్చికి వచ్చారనుకోండి, అది దాదాపు 460 కి.మీ. అక్కడి నుంచి చెన్నైకి 520, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 1,370. మూడూ కలిపి చూడండి, 2,350 అవుతుంది. అంటే ఇంత తిరిగినా పెరిగిన దూరం వంద కిలోమీటర్లే! గాల్లో ఉండేది కూడా ఐదు గంటలే. మిగతాదంతా మారే చోట పోతుంది. రేణిగుంట జంక్షన్ పక్కన ఉండే మీకు చెప్పక్కర్లేదు, బండి మారాల్సి వస్తే ప్లాట్‌ఫాం మీదే సగం రోజు గడిచిపోతుంది.

మూడు టికెట్లూ విడివిడిగా, గంటన్నర గ్యాప్‌తో మాత్రం కొనొద్దు. నేను ఒకసారి అలా కొని, మొదటి విమానం లేటై, రెండోది కళ్లముందే వెళ్లిపోతుంటే బ్యాగు పట్టుకుని నిలబడ్డాను, డబ్బూ తిరిగి రాలేదు. వానాకాలంలో అయితే దీవుల విమానాలు రద్దవడం మామూలే. చెన్నైలో ఒక రాత్రి ఆగితే టెన్షన్ ఉండదు.

మీరు అడగలేదు గానీ, ముహూర్తం సంగతి కూడా చూసుకోండి. గడియారం అంతటా ఒకటే అయినా సూర్యుడు అలా కాదు, ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు తేడా. తిరుపతి కంటే పోర్ట్ బ్లెయిర్ 13 డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, అంటే అక్కడ దాదాపు 53 నిమిషాలు ముందు. అగత్తితో పోలిస్తే 82 నిమిషాలు. లగ్నమూ దుర్ముహూర్తమూ ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టే మారతాయి కదా. పదకొండు అన్నది తిరుపతి పంచాంగం చూసి పెట్టారా, పోర్ట్ బ్లెయిర్‌కు లెక్క వేసి పెట్టారా అని పంతులుగారిని అడిగి, ఆ తర్వాతే టికెట్లు కొనండి.