తిండి కోసం హైదరాబాద్ రండి, అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 38. చేతికి వచ్చే జీతం నెలకు 48,000. అద్దె, స్కూలు ఫీజులు, బండి ఈఎంఐ, అమ్మ మందులు కలిపి తప్పనిసరి ఖర్చులు 36,000 దాకా అవుతాయి. ఈ దసరా సెలవుల్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్‌లో నాలుగు రోజులుండి, పేరున్న చోట్లన్నీ తిరిగి తినాలని ప్లాన్. హైటెక్ సిటీలో హోటల్‌కు 26,000, తిండికి 20,000, క్యాబ్‌లు వగైరాలకు 14,000, మొత్తం 60,000 అవుతోంది. ఒక యాప్ నెలకు 1.5 శాతం వడ్డీకి, 5,900 ఈఎంఐతో ఏడాది ట్రావెల్ లోన్ ఇస్తానంటోంది. బ్యాంకులో ఉన్న 22,000 అత్యవసర నిధి కాబట్టి ముట్టుకోను. 25,000 బోనస్ వస్తే ఫోన్ కొనాలి. యాప్ లోన్ మంచిదా, కార్డు మీద ఈఎంఐ మంచిదా? తక్కువలో బాగా తినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరాన్నే తీసుకోవడానికి కారణం అందులోని ఒక్క మాట: "22,000 అత్యవసర నిధి, ముట్టుకోను." ఖాతాలో కొంత డబ్బు కదలకుండా ఉంటే అదే అత్యవసర నిధి అనుకుని, ఆ ధైర్యంతో పక్కన అప్పు చేసేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మీ తప్పనిసరి ఖర్చులు నెలకు 36,000. ఉద్యోగం పోతే ఆ 22,000 మీ ఇంటిని పద్దెనిమిది రోజులు నడుపుతుంది. యాప్ లోన్ తీసుకుంటే నెలకు 5,900 ఈఎంఐ వచ్చి చేరుతుంది, అప్పుడు తప్పనిసరి ఖర్చు 41,900. అదే 22,000 పదహారు రోజులకు కూడా చాలదు. మీరు నిధిని ముట్టుకోకపోయినా అప్పు దాన్ని తగ్గించేసింది.

ఆ 1.5 శాతం సంగతి కూడా చూద్దాం. ఏడాదికి 18 శాతమే కదా అనిపిస్తుంది. కానీ అది ఫ్లాట్ రేటు. నెలనెలా అసలు తీరుతున్నా, మొదటి రోజు తీసుకున్న మొత్తం 60,000 మీదే చివరిదాకా వడ్డీ లెక్కగడతారు. 10,800 వడ్డీ కట్టే ఈ అప్పు అసలు రేటు ఏడాదికి 31 శాతం పైనే. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ అదనం. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ రుణం ఇచ్చే ప్రతి సంస్థా వార్షిక రేటు ఎంతో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. మీకు ఆ కాగితం చూపించారా? "ప్రీ అప్రూవ్డ్" అని మెరిసే బటన్ నొక్కే ముందు ఎవరూ దాన్ని తెరవరు. దయచేసి తెరవండి.

కార్డు ఈఎంఐకి వడ్డీ కాస్త తక్కువ ఉండొచ్చు. కానీ ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమమ్ డ్యూతో, అంటే బిల్లులో అడిగిన కనీస మొత్తంతో సరిపెట్టారంటే మిగిలిన బాకీ మీద చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం పైనే పడుతుంది. కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువూ పోతుంది. బిర్యానీ మూడు గంటల్లో అరిగిపోతుంది, దానికి పన్నెండు నెలలు కడుతూ కూర్చోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

మీ ఇంటికి కావాల్సిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే 2,16,000. ఒక్కసారిగా రాదు. మొదటి మజిలీ మూడు నెలలది, 1,08,000. జీతంలో ఖర్చులు పోను 12,000 మిగలాలి, ఎటు పోతోందో మీరు రాయలేదు. అందులో 8,000 జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)కి వెళ్లేలా పెట్టండి. ఈ బోనస్‌లోంచి 10,000 కూడా చేరిస్తే పది నెలల్లో ఆ మజిలీ దాటేస్తారు. ఫోన్ ఆగాలి. మీ అమ్మగారి పేరు మీ కంపెనీ గ్రూప్ ఆరోగ్య పాలసీలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆవిడకు విడిగా పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. అయితే పాలసీ ఉన్నంత మాత్రాన నిధి అక్కర్లేదనుకోవద్దు. రాత్రి పదింటికి ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడితే, బీమా కంపెనీ నుంచి క్యాష్‌లెస్ అనుమతి వచ్చేలోపు ఆసుపత్రి కౌంటర్‌లో అడ్వాన్స్ కట్టమంటారు. ఆ టైమ్‌కి కార్డు లిమిట్ అంతా హైదరాబాద్ ట్రిప్ ఈఎంఐ కిందే బ్లాక్ అయి ఉంటే ఎవరికి ఫోన్ చేస్తారు?

ఇక బోనస్‌లో మిగిలిన 15,000. దీంతో హైదరాబాద్ రండి, నేనే రమ్మంటున్నాను. దసరాకి వద్దు. బోనస్ చేతికొచ్చాక, దీపావళి దాటాక, రెండో శనివారం కలిసేలా రెండు రాత్రులకి ప్లాన్ చేసుకోండి. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుచుకుంటాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్‌కి రానూపోనూ అందరికీ 3,500, బసకు 5,000, తిండికి 5,000, ఊళ్లో తిరగడానికి 1,500 అని కవర్లలో పెట్టుకోండి.

మీ ప్లాన్‌లో అసలు ఖర్చు తిండిది కాదు, బసది. హైటెక్ సిటీలో దిగి పాతబస్తీలో తినాలనుకుంటే పూటపూటకీ ఇరవై కిలోమీటర్లు క్యాబ్‌కి పోస్తారు. నాంపల్లి, ఆబిడ్స్, లక్డీకాపూల్ వైపు మామూలు లాడ్జి తీసుకోండి. మెట్రో ఎర్ర లైను అక్కడి నుంచే వెళ్తుంది. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లో దిగితే చార్మినార్‌కి ఆటోలో కాసేపే. అదే ఎంజీబీఎస్‌లో లైను మారితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అక్కడ బిర్యానీకి పేరున్న బావర్చి.

ఒక ఉదయం ఇరానీ చాయ్‌కి చార్మినార్ పక్కనున్న నిమ్రా కేఫ్‌కి వెళ్లండి. డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో పాత్రలో ఉంటాయి. కప్పులో ముందు ఒకటి, పైన ఇంకోటి పోసి చకచకా అందిస్తారు. ఉస్మానియా బిస్కెట్ కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది, టీలో ముంచి ఎక్కువసేపు ఉంచితే విరిగి అడుగుకి పోతుంది, పిల్లలకి ముందే చెప్పండి. నిలబడి తాగాలి. మీ ఐదుగురికీ రెండు, మూడు వందల్లో అయిపోతుంది. అదే జూబ్లీహిల్స్‌లో ఏదైనా రూఫ్‌టాప్ బఫేకి మనిషికే అంతకు ఎన్నో రెట్లవుతుంది. పైగా ఖరీదైన స్టార్ హోటళ్లలో తిండి మీద జీఎస్టీ 18 శాతం, మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం.

బిర్యానీ మధ్యాహ్నమే తినండి. రద్దీ ఉన్న చోట అప్పుడే దమ్ తీసిన దేగ్ (పెద్ద వంటపాత్ర) నుంచి వడ్డిస్తారు, రాత్రి పొద్దుపోయాక అడుగున మిగిలింది వస్తుంది. పాతబస్తీలో మదీనా బిల్డింగ్ దగ్గర షాదాబ్, టోలీచౌకీలో షాగౌస్ లాంటి చోట్ల ఒక ప్లేటు ఇద్దరు సుఖంగా తినేంత ఉంటుంది. ఐదుగురికి ఐదు ప్లేట్లు చెప్పి సగం వదిలేయడం కొత్తవాళ్లు చేసే పని. మూడు చెప్పండి, చాలకపోతే ఇంకోటి. చాలా హోటళ్లలో పై అంతస్తు ఏసీ హాల్లో అదే ప్లేటుకి రేటు ఎక్కువ, కూర్చునే ముందే అడగండి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తే తీసేయమనండి, అది మన ఇష్టం మీద ఇచ్చేదే తప్ప తప్పనిసరి కాదు. హలీమ్ కోసం రంజాన్‌లో రావాలి, మిగతా నెలల్లో దొరికేదాన్ని బట్టి దాని రుచిని అంచనా వేయొద్దు.

అమ్మగారు మాంసం తినకపోతే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో టిఫిన్ ఆవిడకి నచ్చుతుంది. సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినండి, మీరొచ్చేది సీతాఫలాల రోజుల్లోనే కాబట్టి అదే అడగండి. వీడియోల్లో చూసిన చోటికల్లా పరుగెత్తొద్దు. కోఠీలో, నాంపల్లిలో ఒంటిగంటకి దుకాణాల వాళ్లు, ఆఫీసు వాళ్లు ఎక్కడ తింటున్నారో చూసి లోపలికి వెళ్లండి. రోజూ తినేవాళ్లు రుచి పడిపోయినా, రేటు పెరిగినా ముందే మానేస్తారు. కార్డు డైనింగ్ ఆఫర్లు వాడితే వాడండి, కానీ ఆఫర్ ఉందని హోటల్ ఎంచుకోకండి.

ఈ రోజు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. హైటెక్ సిటీ హోటల్ బుక్ చేసేసి ఉంటే ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, ఉంటే వెంటనే రద్దు చేయండి. యాప్‌లో లోన్ దరఖాస్తు సగంలో ఉంటే వెనక్కి తీసుకోండి. ఆటో డెబిట్‌కు అనుమతి ఇచ్చేసి ఉంటే బ్యాంకులో దాన్ని రద్దు చేయించి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. ఆర్‌డీ తేదీ జీతం పడే తేదీకి మర్నాడు ఉండేలా చూసుకోండి.