బ్యాటరీ పరిశోధనా, ఫార్మా ఉద్యోగమా?

ప్రశ్న: సార్, నమస్తే. ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ)లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఈ ఏడాదే అయిపోయింది. హైదరాబాద్‌లో ఓ ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం వచ్చింది. నాకేమో బ్యాటరీ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాన్నది వేరుశనగ సేద్యం, ఇంకో ఐదేళ్లు చదువంటే ఇంట్లో టెన్షన్. మా మామ అయితే "బ్యాటరీలు బాగుచేయడానికి ఇంత చదువెందుకు?" అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: మీ మామ అడిగిందాంట్లో తప్పేం లేదమ్మా, మా ఇంట్లోనూ ఇదే అడిగారు. షాపులో పని తయారైన బ్యాటరీతో. నువ్వు చేయబోయేది దాని లోపలి నల్లటి పొడి దేంతో చేయాలో తేల్చే పని. ఆ పొడి మారిందంటే ధర, బరువు, ఎన్నేళ్లు వస్తుంది, వేడికి ఆగుతుందా లేదా, అన్నీ మారిపోతాయి. 1991లో సోనీ అమ్మిన మొదటి లిథియం అయాన్ బ్యాటరీలో ఉన్నది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పొడి. తర్వాత ఇనుము, ఫాస్ఫేట్‌తో ఇంకోటి వచ్చింది. అందులో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేడెక్కినా తేలిగ్గా వదలదు, అందుకే నిప్పంటుకునే భయం తక్కువ. మే నెలలో మన ఊళ్లో ఎండన పెట్టిన బండి సీటు మీద చెయ్యి పెట్టి చూస్తే ఇదెంత అవసరమో మామకే తెలుస్తుంది. 1997లో ఈ ఇనుము, ఫాస్ఫేట్ పొడి మీద వచ్చిన పరిశోధనా పత్రంలో పాధి, నంజుండస్వామి అనే శాస్త్రవేత్తల పేర్లు ముందుంటాయి, తర్వాత నోబెల్ వచ్చిన గుడ్‌ఇనఫ్ పేరు చివర ఉంటుంది.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందంటే, పొడిని బైండర్‌తో (జిగురులాంటిది) కలిపి దోసెపిండిలా చేసి, అల్యూమినియం రేకు మీద పలచగా పూసి, ఆరబెట్టి, చిన్న బిళ్లలుగా కోస్తావు. తర్వాత ఆర్గాన్ (దేంతోనూ కలవని వాయువు) నింపిన గ్లవ్ బాక్సులోకి మందపాటి గ్లవ్స్‌లో చేతులు దూర్చి, పట్టకారుతో ఒక్కో బిళ్లా పేర్చి, పైన ఎలక్ట్రోలైట్ (లిథియం అటూ ఇటూ కదిలే ద్రవం) చుక్కలు వేసి మూత నొక్కుతావు. అదే ఒక సెల్, అంటే చిన్న బ్యాటరీ. ఆ బాక్సులో తేమ పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండకూడదు. మొదటి ఏడాది వానాకాలంలో తొందరపడి సరిగా ఆరని రేకుతో నేను పదహారు సెల్స్ కట్టాను. ఒక్కటీ నిలవలేదు. తేమ తగిలితే ఎలక్ట్రోలైట్‌లోని ఉప్పు నుంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి లోపలిదంతా తినేస్తుంది. ఆ రాత్రి ఏడ్చాను కూడా.

అన్నిటికన్నా కష్టం ఎదురుచూడడం. సెల్ ఎంతకాలం నిలుస్తుందో చూడ్డానికి గంట ఛార్జింగ్, గంట డిశ్చార్జ్ లెక్కన 500 సార్లు తిప్పాలంటే 1000 గంటలు, అంటే దాదాపు 42 రోజులు. ఆఖరికి అది పనికిరాదని తేలొచ్చు, మళ్లీ మొదటి నుంచి. ఇది నీ ఒంటికి పడుతుందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి.

డబ్బు సంగతి. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. ఈ అంకె నాన్నకు చెప్పు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదంటారు గానీ ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి ఇంట్లో ఇబ్బందిగా ఉంటే ఉద్యోగంలో చేరి, ఒక ఏడాది నెట్‌కు చదువు. అది వృథా ఏం కాదు, ఫార్మా క్యూసీలో తేమ కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష ఉంటుంది చూడు, మేం ఎలక్ట్రోలైట్‌కు చేసేదీ అదే.

కారైక్కుడిలో సెక్రి, హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధనా సంస్థలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీలు అన్నీ చూడు. చేరేముందు గైడ్‌ను కాదు, ఆయన దగ్గరున్న స్టూడెంట్లను కలిసి, సెల్స్ తిప్పే మెషీన్‌లో ఎన్ని ఛానెళ్లున్నాయి (ఒక్కో ఛానెల్‌కు ఒక్కో సెల్), ఎంతమంది వాడుతున్నారు అని అడుగు. ఎనిమిది ఛానెళ్లకు పదిమంది క్యూలో ఉన్నారంటే నీ 42 రోజులు మొదలవడానికే నెలలు పడుతుంది, అలాంటి చోట ఎంత పెద్ద పేరున్నా వద్దమ్మా.