ఎండ పూట చూసి టైరు కొనకండి

ప్రశ్న: అన్నగారూ, నాది 2015 టయోటా జీటీ86. 215/45 ఆర్17 సైజు టైర్లు రెండో సెట్టు కూడా అరిగిపోయింది. రోజూ ఆఫీసుకి రానూపోనూ నలభై కిలోమీటర్లు, ఆదివారం తెల్లారుజామున కొండదారి, ఏడాదికి రెండుసార్లు రేసు ట్రాక్. ట్రెడ్‌వేర్ (టైరు అరుగుదల అంకె, తక్కువైతే త్వరగా అరుగుతుంది) 200 ఉన్న టైర్లే వేయించు, మిగతావన్నీ దండగ అంటున్నారు స్నేహితులు. వేయిస్తే 245 వెడల్పే వేయించమని ఇంకొకాయన పట్టుబడుతున్నాడు. వానొచ్చినా ఎండొచ్చినా నాకు ఇదొక్కటే కారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, అసలు సంగతి నీ ఉత్తరంలో చివర రాశావు. వానొచ్చినా అదొక్కటే కారు. అక్కణ్నించే మొదలుపెడదాం. స్నేహితుల సంగతి తర్వాత చూద్దాం.

ఒకప్పుడు నేనూ 200 టైర్ల పిచ్చిలో పడ్డవాణ్నే. నాకో చిన్న రెండు సీట్ల కారు ఉండేది. దానికి అవి వేయించిన మొదటి నెలంతా మలుపు కనిపిస్తే చాలు పండగే. తారు వేడిగా ఉన్నప్పుడు రోడ్డుని జిగురులా పట్టుకునేవి. దారిలో ఉన్న కంకరంతా ఏరుకుని చక్రం గూట్లోకి టపటపా విసిరేవి, ఆ చప్పుడు కూడా ముద్దుగానే ఉండేది. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే, రాత్రంతా కురిసి వెలిసిన వాన తర్వాత, ఎనభైలో పోతున్నా. రోడ్డు కాస్త దిగిన చోట నీళ్లు నిలిచాయి. ముందు స్టీరింగ్ తేలికైపోయింది, బొమ్మ కారు స్టీరింగ్‌లాగా. మరుక్షణం యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండానే ఇంజిన్ ఒక్కసారిగా రొద పెట్టింది. వెనక చక్రాలు రోడ్డుని వదిలేసి నీళ్ల మీద తిరుగుతున్నాయని అర్థమయ్యేలోపే కారు అడ్డం తిరిగింది. పక్కనున్న ఇనుప కమ్మీకి జానెడు దూరంలో ఆగింది. దిగి టైరు గాడిలో వేలు పెట్టి చూశా. గోరు సగం కూడా దిగలేదు. సుమారు 3 మిల్లీమీటర్లు. ఇక మార్చమని చెప్పే అరుగుదల గుర్తు ఉండేది 1.6 మిల్లీమీటర్ల దగ్గర కాబట్టి లెక్క ప్రకారం టైరు ఇంకా బాగున్నట్టే!

టైరు తప్పేం లేదు. అది తయారైన పని వేరు. నేల మీద ఎక్కువ రబ్బరు ఆనాలని గాడులు తగ్గిస్తారు. చాలావాటికి కొత్తప్పుడే లోతు తక్కువ. నీళ్లు పక్కకి పోయే దారి అంతకంత తగ్గుతుంది. రబ్బరు మెత్తన కాబట్టి ఆ ఉన్న లోతు కూడా త్వరగా కరిగిపోతుంది.

ఇక ఆ 200 అనే అంకె. దాని చుట్టూ ఎంత అపోహో! అది అమెరికా ప్రభుత్వం పెట్టిన కొలత. ఒక ప్రామాణిక టైరుని 100 అనుకుని, మిగతావాటిని దానితో పాటు 7,200 మైళ్లు రోడ్డు మీద నడిపి, ఎంత అరిగాయో చూసి అంకె వేస్తారు. వేసేది తయారుచేసిన కంపెనీయే. కాబట్టి ఒక కంపెనీ 300కీ ఇంకో కంపెనీ 300కీ పోలిక పెట్టలేం. పైగా అది అరుగుదల కొలత, పట్టు కొలత కాదు. ఇందులో ఇంకో తమాషా ఉంది. కొన్ని పోటీల్లో 200 కంటే తక్కువ అంకె ఉన్న టైర్లని రానివ్వరు. అందుకని ట్రాక్ మీద గెలవాలని తయారుచేసిన టైర్లు బోలెడు సరిగ్గా 200 దగ్గరే ఆగాయి! బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09 ఆ బాపతువే. మంచి టైర్లు, కాదనను. వారం వారం పోటీకి వెళ్లేవాడు, వానకి వేరే కారు తీసేవాడు హాయిగా వేసుకోవచ్చు.

అంకె పక్కనే ఏఏ, ఏ, బీ అని గ్రేడు ఉంటుంది, దాన్ని చూసీ మోసపోకు. తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసి కొలిచిన గ్రేడు అది. మలుపులో ఎలా ఉంటుందో, నిలిచిన నీళ్లలో ఏం చేస్తుందో అది చెప్పదు.

నీకు కావలసింది ఒక మెట్టు కింద ఉంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 5, గుడ్‌ఇయర్ ఈగల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, ఇలాంటివి. పొడి రోడ్డు మీద 200 టైర్లకి కొద్దిగా వెనకబడతాయి, ట్రాక్ మీద వరసగా పది రౌండ్లు కొడితే వేడెక్కి పట్టు సడలుతుంది. కానీ ఏడాదికి రెండు రోజుల కోసం మిగతా రోజులన్నీ తాకట్టు పెడతామా? వీటిలో ఏది నీ సైజులో దొరికితే అది తీసుకో. ఒకదానికీ ఇంకోదానికీ తేడా నీకూ నాకూ స్టాప్‌వాచ్ లేకుండా తెలిసేంత ఉండదు.

ఒక్క షరతు. ఇవన్నీ వేసవి రబ్బరు టైర్లు. వేడి సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే బిరుసెక్కి జారతాయి. మీ దగ్గర చలికాలం అలా ఉంటే ఆ నెలలకి వేరే సెట్టు ఉండాల్సిందే.

ఇప్పుడు 245 వ్యవహారం. ఆయన లెక్క నాకు అర్థమైంది. 245/40 ఆర్17 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, అందులో 40 శాతం సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు, రిమ్ 17 అంగుళాలు. అది వేస్తే చక్రం మొత్తం ఎత్తు 628 మిల్లీమీటర్లు, నీ పాత టైరుది 625. స్పీడోమీటర్ కూడా తేడా చూపించదు. ఎత్తు సరిపోయింది, మరి రిమ్ సంగతి? నీ కారు రిమ్ వెడల్పు 7 అంగుళాలు. 245 టైరుకి కనీసం 8 ఉండాలి. ఇరుకు రిమ్ మీద ఎక్కిస్తే సైడ్‌వాల్ బుగ్గలా ఉబ్బి, స్టీరింగ్ తిప్పగానే ముందు టైరు వంగి, ఆ తర్వాత కారు తిరుగుతుంది. పైగా వెడల్పు పెరిగే కొద్దీ నీళ్ల మీద తేలడం సులువు. పెంచాలనే ఉంటే 225/45 వరకు వెళ్లు. అది 7 అంగుళాల రిమ్ మీద కూర్చుంటుంది, ఎత్తు ఒకటిన్నర శాతం కూడా పెరగదు. లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు చెప్పే అంకె), స్పీడ్ అక్షరం (తట్టుకోగల వేగం చెప్పేది) మాత్రం పాతదానికంటే తగ్గకూడదు.

ఇంకో మాట. మొదట్లో నీ కారుకి కంపెనీ వేసింది మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. ప్రియస్ లాంటి బుద్ధిమంతుల కారుకి కూడా అవే టైర్లు వచ్చేవి. పొదుపు కోసం వేశారనుకుంటారు చాలామంది. కాదు. మామూలు స్పీడులోనే కారు వెనక భాగం కాస్త ఆడుతూ ఉంటే సరదాగా ఉంటుందని కావాలనే పట్టు తక్కువవి వేశారు. మరీ బంకలాంటి టైరు వేస్తే నీ కారు వేగంగా పోతుంది గానీ, నువ్వు ఏ సరదా కోసం కొన్నావో ఆ సరదా పోతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, నీ స్నేహితులు ఒప్పుకోరు.

బిగించే ముందు సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చదువు. 3118 అంటే 2018లో 31వ వారం తయారైంది. నాకోసారి ఒక దుకాణంలో "ఫ్రెష్ మాల్" అని ఐదేళ్లు మూలన పడున్నవి అంటగట్టారు. మొత్తం వరస టైరుకి ఒకవైపే ఉంటుంది, ఆ వైపు కారు లోపలికి పోయింది. కింద దూరి చూసేసరికి ఆలస్యమైంది.

ప్రశ్న: నాలుగూ ఒకేసారి మార్చడం భారంగా ఉంది. రెండే కొంటే ముందు వేయాలా, వెనకా?

జవాబు: వెనక. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. వెనకవి జారితే గిర్రున తిరుగుతుంది, దాన్ని తిప్పుకోగలిగేవాళ్లు తక్కువ. అయితే ముందు ఒక రకం, వెనక ఇంకో రకం కలపకు. మోడల్ కూడా ఒకటే ఉండాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే, పాతవి బాగా అరిగి ఉంటే నాలుగూ మార్చడమే మంచిది.

ప్రశ్న: టైరు మీద 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసి ఉంది, కారు డోరు దగ్గర స్టిక్కరు మీద 33 అని ఉంది. ఏది పట్టుకోవాలి?

జవాబు: స్టిక్కరు. టైరు మీదున్నది అది తట్టుకోగల గరిష్ఠం. అంత కొట్టిస్తే మధ్యలో ఒక గీత మేర మాత్రమే రోడ్డుని తాకుతుంది, మంచి టైరు కొన్న ప్రయోజనం సగం పోయినట్టే. గాలి చూసేది కారు తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొట్టి దిగి చూస్తే 39, 40 కనిపించి టెన్షన్ పడి చాలామంది గాలి వదిలేస్తారు. ట్రాక్ వరకు అది సరే. సాయంత్రం మళ్లీ కొట్టించడం మర్చిపోతారు, అదే తప్పు. మర్నాడు పొద్దున్న చూస్తే 27 ఉంటుంది, అలాగే హైవే ఎక్కేస్తారు. చిన్న గేజి ఒకటి డాష్‌బోర్డ్ అరలో పడేసుకోండి.