సోరియాసిస్‌కు గుండె పరీక్షలు ఎందుకు?

చర్మం జబ్బుకు చూపించుకోవడానికి వెళితే రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు రాశారని, 38 ఏళ్లకే ఇవన్నీ అవసరమా అని అడిగారు. అవసరమేనండీ. మీ డాక్టరు శ్రద్ధగల మనిషి అనిపిస్తోంది. చాలామంది పూతమందు రాసి పంపేస్తారు.

సోరియాసిస్‌లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) చర్మంతో ఆగదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి, ఈ వాపును పెంచే ప్రోటీన్లు రక్తంలోనూ తిరుగుతూ ధమనుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ కొవ్వు పేరుకోవడం సులువవుతుంది. 2006లో బ్రిటన్ రోగుల రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనంలో, గుండెపోటు ముప్పు అందరికన్నా ఎక్కువ రెట్లు పెరిగింది తీవ్ర సోరియాసిస్ ఉన్న చిన్న వయసువారిలోనే. అలాగని బెంబేలు పడకండి. ఆ వయసులో ముప్పు మామూలుగానే చాలా తక్కువ, అది కొన్ని రెట్లు పెరిగినా చిన్న సంఖ్యే. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు కూడా సోరియాసిస్‌ను ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేయాలా వద్దా అన్న సందిగ్ధంలో అది లెక్కకు వస్తుంది.

ఇక మీరు వాడే రక్తపోటు మాత్ర, బీటా బ్లాకర్, సోరియాసిస్‌ను పెంచుతుందా అన్న సంగతి. ఈ రకం మందులు కొందరిలో సోరియాసిస్‌ను ఎక్కువ చేస్తాయన్నది నిజమే. కానీ ఆ మాత్రను మీరే ఆపేయకండి, హఠాత్తుగా మానితే గుండెకే ప్రమాదం. వేరే మందుకు మార్చమని డాక్టరును అడగండి. సోరియాసిస్‌కు సైక్లోస్పోరిన్ మందు రాస్తే రక్తపోటును, ఎసిట్రెటిన్ మందు రాస్తే ట్రైగ్లిజరైడ్లను (రక్తంలోని ఒక రకం కొవ్వును) మధ్యమధ్య చూపించుకోవాలి. సిగరెట్ అలవాటుంటే మాత్రం ముందు అది మానండి, అది చర్మానికీ గుండెకూ చేటే.