ల్యాప్‌టాప్‌కి ఖరీదైన ర్యామ్ వేయించాలా, మామూలుది సరిపోతుందా?

ప్రశ్న: ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తుంటాను. నాది ఐదేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఇంటెల్ 10వ తరం ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్. నాలుగు ఎక్సెల్ ఫైళ్లు, బ్రౌజర్ కలిపి తెరిస్తే కదలదు. రిపేరు చేసే అతను పాత ర్యామ్ తీసేసి 3200 స్పీడున్న ప్రీమియం కిట్ (8 జీబీవి రెండు) వేయించుకోమంటున్నాడు. మామూలు రకం కిట్ దాదాపు సగం ధరకే వస్తోంది. అయితే అది తొందరగా పాడైపోతుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు. ఏది కొన్నా అత్యవసర నిధిలోంచే తీయాలి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ రెండు కిట్లలో ఏదీ కొనకండి. మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెట్టే రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, పేరున్న కంపెనీ 8 జీబీ మామూలు స్టిక్ (ర్యామ్ పలక) ఒక్కటి చాలు. ఉన్న 8 జీబీతో కలిపి 16 అవుతుంది. కిట్ కొంటే బాగా పనిచేస్తున్న పాత స్టిక్‌ని తీసి పక్కన పడేయాలి. మీ ఖర్చులో అసలు వృథా అక్కడే ఉంది. ప్రీమియమా, బడ్జెట్టా అన్నది ఆ తర్వాతి సంగతి.

డబ్బు తీసే ముందు ఒక్క పని చేయండి. బాగా బిజీగా ఉన్న సమయంలో, ఫైళ్లన్నీ తెరిచి ఉండగానే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మెమరీ 90 శాతం దగ్గర ఆడుతుంటే ర్యామ్ కావాల్సిందే. మెమరీ 60 శాతమే ఉండి, డిస్క్ మాత్రం 100 చూపిస్తుంటే జబ్బు వేరే. లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్ అయితే ఎంత ఖరీదైన ర్యామ్ వేసినా ఆ నత్తనడక పోదు, దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాలి. ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో, ర్యామ్ ఏ స్పీడులో నడుస్తోందో కూడా ఆ మెమరీ పేజీలోనే కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కాబట్టి మీ మోడల్ వివరాల్లో రెండో స్లాట్ నిజంగా ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి.

ఇక ప్రీమియం సంగతి. ఆ అదనపు డబ్బుకి మీకు దక్కేదేమిటి? ల్యాప్‌టాప్‌ల్లో వచ్చే ఇంటెల్ 10వ తరం ప్రాసెసర్లలో పేరు చివర U అక్షరం ఉన్నవి డీడీఆర్4ని 2666 స్పీడు వరకే నడుపుతాయి. మీదీ అదే రకం అయితే 3200 స్టిక్ పెట్టినా 2666 దగ్గరే ఆగుతుంది. (టాస్క్ మేనేజర్‌లో 2667 అని కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.) అంటే మీరు కొన్న వేగాన్ని మీ మెషీన్ వాడుకోనే వాడుకోదు. అందంగా ఉన్న హీట్ స్ప్రెడర్ (వేడిని లాగే రేకు) కూడా మూత కింద ఎవరికీ కనబడదు. మామూలు డీడీఆర్4 1.2 వోల్టులతోనే నడుస్తుంది, దాన్ని చల్లబరచడానికి ప్రత్యేక ఏర్పాటేమీ అక్కర్లేదు. మీ పనిలో తేడా తెచ్చేది రెండు స్లాట్లూ నిండి ఉండటం. అప్పుడు ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి డేటా తీసుకుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకు ఈ లాభం ఇంకాస్త ఎక్కువ.

మీ తమ్ముడి భయం పూర్తిగా తప్పని అనను. కాకపోతే బడ్జెట్ అనే మాట కింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. ఒకటి పేరున్న కంపెనీల సాదా రకం. ప్రపంచంలోని మెమరీ చిప్పుల్లో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలవే. సాదా స్టిక్కుల్లోనూ చాలావరకు వాటి చిప్పులే ఉంటాయి. రెండోది ఎవరు తయారుచేశారో తెలియని, వారంటీ కాగితం కూడా లేని సరుకు. దాని జోలికి మాత్రం వెళ్లకండి. ర్యామ్‌లో లోపం ఉంటే సిస్టమ్ ఆగిపోవడమే కాదు, ఒక్కోసారి చప్పుడు కాకుండా ఫైళ్లే పాడవుతాయి. అకౌంట్స్ చేసేవాళ్లకి అది చాలా ఖరీదైన తప్పు.

'లైఫ్‌టైమ్ వారంటీ' చూసి కూడా ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. పేరున్న కంపెనీల సాదా రకాలకీ చాలావాటికి అది ఉంది. పైగా మీ ల్యాప్‌టాప్ ఇంకో రెండు మూడేళ్లు నడిస్తే గొప్ప. కొత్తది కొన్నప్పుడు ఈ స్టిక్ దానికి పనికిరాదు. తర్వాతి తరం ర్యామ్ అయిన డీడీఆర్5 స్లాట్‌లో డీడీఆర్4 అసలు కూర్చోదు. ఖర్చుని ఆ మిగిలిన నెలలతో భాగించి చూసుకోండి. మామూలు స్టిక్ ఒక్కటి 50, ప్రీమియం కిట్ 200 అనుకుంటే, 24 నెలలకి నెలకి 2 ఒకచోట, 8కి పైగా ఇంకోచోట. మీకు దక్కే కెపాసిటీ మాత్రం రెండు చోట్లా అదే 16 జీబీ.

డబ్బు ఎక్కడి నుంచి అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. ల్యాప్‌టాప్ మీ సంపాదనకి ఆధారం కాబట్టి, పని ఆగిపోయే స్థితి వస్తే అత్యవసర నిధి ముట్టుకోవడం తప్పు కాదు. కానీ మీ పని ఆగలేదు, నెమ్మదించింది, అంతే. ఒక్క స్టిక్ ధర వచ్చే నెల ఆదాయంలోంచి తీయగలిగితే అప్పటిదాకా ఆగండి. అలా కుదరక నిధిలోంచే తీస్తే, రెండు మూడు నెలల్లో తిరిగి నింపే తేదీ రాసుకుని మరీ తీయండి. వాయిదాల మీద మాత్రం వద్దు. ఇంత చిన్న వస్తువుకి వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలిస్తే, మామూలు రకం కొని మిగుల్చుకున్నది కాస్తా అటే పోతుంది.

ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. ఇంకా పెరుగుతాయేమోనని భయపడి 32 జీబీ కొనేయకండి, తగ్గుతాయని ఏడాది ఎదురుచూడకండి. వాడిన స్టిక్ దొరికితే కొనవచ్చా అంటే, కొనవచ్చు. ఎస్ఎస్‌డీలా డేటా రాసే కొద్దీ అరిగిపోయే వస్తువు కాదది. వాపసు తీసుకుంటానని అమ్మేవాడు ఒప్పుకుంటేనే సుమా.

కొన్న రోజే బిగించి, ర్యామ్‌లో లోపాలు పట్టే మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ని ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ చూపించినా సర్దుకుపోకుండా, వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి. ఆ పరీక్ష అయ్యేదాకా ఖాతా పుస్తకాల ఫైళ్ల కాపీ ఒకటి విడిగా వేరే డ్రైవ్‌లో ఉంచుకోండి.